మూడోసారి కప్పతల్లి ఆడిన రోజు

నా నోరు మంచిది కాదు. ఈ మాట నేను అంటున్నది కాదు, మా ఊరంతా అంటుంది. కాపురానికి వచ్చిన నెలలోనే బావి దగ్గర చేద కోసం ముగ్గురితో తగువు పెట్టుకున్నాను. మా అత్త కూడా నాకు తీసిపోయే మనిషి కాదు కాబట్టి మా ఇంట్లో మాటలకు ఎప్పుడూ లోటు లేదు. అలాంటి నేను, నోరు తెరవాల్సిన ఒక్క రోజున మూసుకుని కూర్చున్నాను. ఆ రోజు సంగతే ఇది.

మా ఊరు సిరొంచ నుంచి బామ్ని పోయే దారి పక్కన ఉంటుంది. అప్పటికి మేం మధ్యప్రదేశ్ కింద, చాందా జిల్లాలో ఉండేవాళ్లం. మాకు వరి పొలం ఉంది. పక్కిల్లు ఒక తురక కుటుంబానిది. ఆ ఇంటాయన అల్లపల్లి నుంచి టేకు దుంగలు మోసే లారీ నడిపేవాడు, ఆమె ఊరి ఆడవాళ్లకు బట్టలు కుట్టేది. మేం వాళ్లను చాచా, చాచీ అని పిలిచేవాళ్లం.

నా బిడ్డ కాలు సంగతి ముందు కనిపెట్టింది ఆ చాచీయే. పిల్ల ఏడాదిన్నరకు నడిచింది. ఒక పక్కకు ఒరిగి ఒరిగి నడుస్తుంటే మేమంతా నవ్వేవాళ్లం. బాతులెక్క నడుస్తున్నదని మా అత్త చప్పట్లు కొట్టి మరీ నడిపించేది. చాచీ ఒక పండగకు తన పిల్లలతో పాటు మా పిల్లకు కూడా చిన్న పైజామా కుట్టింది. తొడిగి నిలబెడితే ఎడమ కాలిది నేలకు రాస్తున్నది. చాచీ తన కత్తెరనే తిట్టుకుంటూ కుట్లు విప్పి, రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసింది. సమానంగానే ఉన్నాయి. మళ్లీ కుట్టి తొడిగితే మళ్లీ ఎడమదే రాసింది.

ఆమె పిల్లను పడుకోబెట్టి, రెండు మోకాళ్లూ దగ్గరికి చేర్చి చాలాసేపు చూసింది. "నా కత్తెర తప్పు గాదు బిడ్డా," అన్నది నాతో. "దీని కాలే పొట్టిగున్నది. జర దవాఖానల సూపియ్యుండ్రి."

ఇంటికి వచ్చి నేనూ మా అత్తా ఒకరి మీద ఒకరం పడ్డాం. కడుపుతో ఉన్నప్పుడు నేను గ్రహణం పూట బయట తిరిగానని ఆమె అన్నది. ఆమె పిలిపించిన మంత్రసాని స్నానం పోసేటప్పుడు కాళ్లు గుంజి గుంజి నలిపిందని నేనన్నాను. మూడు రోజులు ఇదే పాట. మా ఆయన విసిగిపోయి, పిల్లను ఎత్తుకుని నన్ను వెంటబెట్టుకుని నాగపూర్ బయలుదేరాడు.

అక్కడ డాక్టరు ఒక అరచేతిని దొప్పలా పట్టి, రెండో చేతి పిడికిలి అందులో పెట్టి చూపించాడు. తుంటి దగ్గర ఎముక ఇట్లా దొప్పలో కూర్చోవాలట. మా పిల్లకు ఆ దొప్ప లోతు లేదు, పళ్లెంలా ఉంది. ఎముక అందులోంచి జారి పైకి పోయింది. పుట్టుకతోనే అంతే, ఎవరి తప్పూ కాదు అన్నాడు హిందీలో. ఆ ఒక్క మాట మా అత్తకు వినిపించాలని ఎంతగానో అనిపించింది, ఆమె మీద నేను వేసిన నింద కూడా దాంతో పోయినా సరే.

పిల్లకు మత్తు ఇచ్చి, ఎముకను చోటికి చేర్చి, సున్నపు పట్టీ వేశారు. నడుం నుంచి పిక్కల దాకా ఒకటే పట్టీ. మోకాళ్లు వంచి, తొడలు రెండూ రెండు వైపులకు చాపి ఉన్నాయి. పాదాలు మాత్రమే బయట. చాలా నెలలు అట్లాగే ఉండాలి. మూడు నెలలకొకసారి వచ్చి పట్టీ మార్పించుకోవాలి. డాక్టరు ఒకటే మాట పదిసార్లు చెప్పాడు. తడవనియ్యొద్దు. పట్టీ మెత్తబడితే ఎముక మళ్లీ జారుతుంది, జారితే కోసి పెట్టాల్సి వస్తుంది, అప్పుడు కూడా సరిగా నడుస్తుందని చెప్పలేను అన్నాడు. వైశాఖంలో అదీ ముగించుకుని ఇంటికి వచ్చాం.

పట్టీలో ఉన్న రెండేళ్ల పిల్లను సాకడం ఎలాగో ఎవరూ నేర్పరు. ఆమెను బోర్లా తిప్పాలన్నా, వెల్లకిలా తిప్పాలన్నా ఇద్దరం పట్టాలి. మంచానికి నడుమ నులక కొంత విప్పి, కింద మూకుడు పెట్టాం. బెల్లం ముక్క చేతికిస్తే చీమలు పట్టీలోకి దూరేవి. అందుకని మంచం కోళ్ల కింద నీళ్ల చిప్పలు పెట్టాం. ఆ ఎండల్లో లోపల చెమట పట్టి దురద పెడితే పిల్ల గుక్కపట్టి ఏడ్చేది. "అమ్మా, గోకు," అని రోజంతా అదే. చాచీ నెమలి ఈక ఒకటి తెచ్చిచ్చింది. దాని కాడను పట్టీలోకి దూర్చి మెల్లగా ఆడిస్తే పిల్ల కళ్లు మూసుకునేది. మా అత్త ఆ పనికి కూర్చుందంటే గంటలు గంటలు కదిలేది కాదు. నాకు అంత ఓపిక లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా.

స్నానం లేదు. తడిగుడ్డతో ముఖమూ చేతులూ తుడవడమే. నీళ్ల చప్పుడు వినబడితే చాలు, పిల్ల చేతులు చాచేది. నేను అంట్లు తోముతుంటే మంచం మీది నుంచి ఏడ్చేది.

ఆ ఏడు మృగశిర వచ్చి పోయింది. చినుకు లేదు. ఆరుద్ర వచ్చింది. ఆకాశంలో మబ్బులు పొద్దున కనబడి మధ్యాహ్నానికి ఎటో పోయేవి. బావి నీళ్లు తోడి నారుమడి తడుపుతూ వచ్చాం. తర్వాత బావే అడుగంటింది. నారు కొసలు పసుపు తిరిగి, ఎర్రబడ్డాయి. ఆయన పొద్దున లేవగానే మడి దగ్గరికి పోయి నిలబడేవాడు. చేసేదేమీ లేకపోయినా పోయేవాడు. పిల్లను మళ్లీ నాగపూర్ తీసుకుపోవాలంటే మాకున్నది ఆ వడ్లే.

వానలు పడకపోతే మా వైపు ఆడవాళ్లు కప్పతల్లి ఆడతారు. కప్పను పట్టి, వేపమండలతో కలిపి బట్టలో రోకలికి కట్టి, ఇల్లిల్లూ తిప్పుతూ పాడతారు. ప్రతి ఇంటి మనిషీ బయటికి వచ్చి ఆ కప్ప మీద నీళ్లు పోయాలి. ఆ ఏడు రెండుసార్లు ఆడారు. వాన రాలేదు. మూడోసారి ఆడదామంటే కప్ప దొరకలేదు. చెరువు బీటలు వారింది. వాగులో చెలిమెలు తవ్వినా కప్ప కనబడలేదు.

అప్పుడు ఎవరికి తోచిందో తెలియదు. మా పిల్ల మంచం మీద ఉన్న తీరు ఊరందరూ చూసిందే. మోకాళ్లు వంచి, తొడలు చాపి అచ్చం కప్పలాగే, ఒళ్లంతా ఒకటే తెలుపు.

ఆ సాయంత్రం నేను నూకలు చెరుగుతుంటే మా అత్త వచ్చి పక్కన కూర్చుంది. ఆమె మెల్లగా మాట్లాడిందంటే ఏదో ఉందన్నమాటే. "పిల్లా, రేపు ఆడోళ్లు మనింటికి వస్తరట," అన్నది. "కప్ప దొరుకుతలేదు. మన బిడ్డ పాదాల మీద తలా ఇంత నీళ్లు పోస్తమంటున్నరు. పట్టీ మీద సుక్క పడనియ్య. నేనే పక్కన కూసుంట. నువ్వేమంటవ్?"

చాటలో నూకలు చూస్తూ నారుమడి గురించి ఆలోచించాను. పిల్ల పాదాలు ఎలాగూ బయటే ఉన్నాయి. కాస్త నీళ్లు తగిలితే దానికి కూడా హాయిగా ఉంటుంది. వాన పడితే మడి బతుకుతుంది, మడి బతికితే నాగపూర్ పోవచ్చు. ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి నాకు సరిగ్గానే కనిపించాయి.

"నువ్వు పక్కనుంటే సరే అత్తా, పోయనీ," అన్నాను.

ఆయన మరుసటి రోజు విత్తనాల కోసం సిరొంచ పోతున్నాడు. ఆయనకు చెప్పాలని మాకు తోచలేదంటే అబద్ధం. చెబితే వద్దంటాడని ఇద్దరికీ తెలుసు.

పొద్దెక్కాక ఆడవాళ్లు వచ్చారు. పందిరి కింద మంచం వేసి, పట్టీ మీద రబ్బరు గుడ్డ కప్పి, మా అత్త పిల్ల తల దగ్గర కూర్చుంది. నేను పాదాల వైపు నిలబడ్డాను. మొదటి నలుగురైదుగురు భయంగా, జాగ్రత్తగా కాసిన్ని నీళ్లు పాదాల మీద పోసి దండం పెట్టుకున్నారు. పిల్ల నవ్వింది. రెండు నెలల తర్వాత ఒంటి మీద నీళ్లు పడితే నవ్వదా మరి. కాలివేళ్లు ఆడిస్తూ, "ఇంక పొయ్యి, ఇంక పొయ్యి," అంటూ కేరింతలు కొట్టింది.

ఆ నవ్వు విని వెనకున్న వాళ్లు ముందుకు తోసుకొచ్చారు. పక్క ఊరి వాళ్లు కూడా వచ్చి ఉన్నారు. బిందెలు, చెంబులు, కుండలు. అమ్మ నవ్వింది, వాన పడుతుంది అని ఎవరో అన్నారు. పాట పెద్దదైంది. మా అత్త రెండు చేతులూ చాచి, "పాదాల మీద, పాదాల మీదనే," అని అరుస్తూనే ఉంది. ఎవరు వింటారు? తల మీద పోశారు, కడుపు మీద పోశారు. రబ్బరు గుడ్డ ఎప్పుడు జారిందో తెలియదు.

నేను ఆపొచ్చు. అది నా ఇల్లు, నా బిడ్డ, నా నోటికి ఊళ్లో అందరూ భయపడతారు. కానీ పిల్ల నవ్వుతూ ఉంది. ఆ నవ్వు చూస్తూ నిలబడిపోయాను. మంచం కింద తెల్లటి నీళ్లు పారుతున్నాయని కనబడిన తర్వాతే నాకు సోయి వచ్చింది. ఎవరి చేతిలో బిందె లాక్కున్నానో, ఎవరిని తోశానో గుర్తు లేదు. అందరూ వెళ్లిపోయాక పట్టీ మీద వేలు పెడితే లోపలికి పోయింది. తొడల సందున నానిన సున్నంలా ముద్ద ముద్దగా ఊడింది. పిల్ల కాలు తన్నింది. ఆ కాలు కదలకూడదు. కదిలింది.

చాచీ పరుగెత్తుకొచ్చి, తన దగ్గరున్న కోటు గుడ్డ పొడుగ్గా చింపి, వెదురు బద్దలు పెట్టి చుట్టూ బిగించింది.

పొద్దు వాలాక ఆయన సిరొంచ నుంచి వచ్చాడు. విత్తనాల మూట భుజం మీదే ఉంది. మంచం వైపు చూసి, తడిసిన వాకిలి వైపు చూసి, "ఎవలు పోయుమన్నరు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపల మా అత్త అన్నది. "నేనే పోయుమన్న. దానికేం ఎరుక లేదు. అది గొడ్ల కాడ ఉండె."

ఆయన తల్లి వైపు చూశాడు. కొడుకు తల్లి వైపు అట్లా చూడడం నేను అంతకు ముందు చూడలేదు. తర్వాత నా వైపు తిరిగాడు. చెప్పడానికి నాకు చాలినంత సమయం ఉంది. నేను తల దించుకుని పిల్ల తల తుడుస్తూ కూర్చున్నాను.

తెల్లవారుజామున వాన మొదలైంది. చిన్నది కాదు, కప్పు మీద పడుతుంటే మాట వినబడనంత వాన. తెల్లారేసరికి ఆడవాళ్లు పసుపు కుంకుమలు పట్టుకుని మా పిల్ల పాదాలకు మొక్కడానికి వచ్చారు. నా నోరు అప్పుడు లేచింది. అన్నవి ఇక్కడ రాయలేను. పాపం, వాళ్లు నిజంగానే కృతజ్ఞతతో వచ్చారు.

నాగపూర్ వెంటనే పోవాలి. ఒకసారి వాన పట్టిందంటే అడవి దారులు మూతబడతాయి, దుంగల లారీలు ఆగిపోతాయి. చాచా వచ్చి, "ఇదే ఆఖరి ఖేపు, మళ్ల లారీ పోదు. జల్ది జెయ్యిండ్రి. వాగులొస్తే మనం ఇటే ఉంటం," అన్నాడు. లారీలో ముందు సీటు మీద పిల్లను మా ఇద్దరి ఒడిలో అడ్డంగా పడుకోబెట్టుకున్నాం. దారి పొడుగునా నేను నా రెండు చేతులతో ఆమె తొడలు కదలకుండా పట్టుకున్నాను. చేతులు తిమ్మిరెక్కితే పళ్లు కరుచుకున్నాను, వదల్లేదు. ఒక వాగు దగ్గర నీళ్లు దారి మీదికి వచ్చాయి. చాచా దిగి, కర్ర పట్టుకుని, తొడల లోతు నీళ్లలో అవతలి ఒడ్డు దాకా నడిచి వచ్చి, ఏదో చదువుకుని లారీ దించాడు. ఆష్టి దగ్గర వైనగంగ పొంగుతూ ఉంది. అక్కడ చాచాను వదిలి పడవ ఎక్కాం. ఆ పడవలో ఆయన నాతో అన్న మాట ఒకటే. "ముసల్దానికి బుద్ధి లేదు," అన్నాడు. నేను నది వైపు చూశాను.

డాక్టరు పట్టీ కోసి, ఎక్స్‌రే ఫోటో తీయించి, ఎముక జారిందన్నాడు. నీళ్లు పోశారని మా ఆయన చెప్పాడు, మా అమ్మ పోయించిందని. అక్కడ కూడా నేనున్నాను. డాక్టరు కోప్పడలేదు. పట్టీ బాగున్నా కొందరికి జారుతుంది, నీళ్ల వల్లనే అని నేను చెప్పలేను అన్నాడు. ఆ మాటను నేను పట్టుకుని వేలాడాను కొన్నాళ్లు. ఆయన ఆ మాట విననట్టే ఉన్నాడు.

కోసి, ఎముకను మళ్లీ పెట్టారు. మాఘమాసం దాకా నాగపూర్‌లోనే ఉన్నాం. ఆ ఏడు మా పొలంలో వడ్లు బాగా పండాయి. మా అత్త ఒక్కతే కూలీలను పెట్టి నాటించి, కోయించి, అమ్మించి, డబ్బు మనిషి చేత పంపింది. ఆ వడ్లతోనే పిల్ల వైద్యం నడిచింది. ఈ సంగతి నేను ఎన్ని రకాలుగా తిప్పి చూసుకున్నా నాకు దారి దొరకలేదు.

పిల్ల నడిచింది. ఎడమ కాలు వేలెడంత పొట్టి, కొంచెం కుంటు. చాచీ అప్పటి నుంచి దాని పైజామాలన్నీ ఎవరూ చెప్పకుండానే ఒక కాలు వేలెడంత తగ్గించి కుట్టేది. ఆయన మాత్రం తల్లితో మాట్లాడడం మానేశాడు. ఆమె వడ్డిస్తే తినేవాడు కాదు. అవ్వా అని పిలవడం కూడా పోయింది. ఒకే ఇంట్లో, ఒకే వాకిట్లో, ఏళ్ల తరబడి.

ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "అత్తా, ఆ రోజు ఎందుకట్ల అన్నవ్?"

"వాడు నాతోని మాట్లాడకున్నా నా దినాలు ఎల్తయి," అన్నది. "నీతోని మాట్లాడకుంటే పిల్లను ఇద్దరు పట్టి ఎట్ల లేపుతరు?" అంతే. ఆ మాట అని నెమలి ఈక కనబడడం లేదని వెతుక్కుంటూ లోపలికి పోయింది. అప్పటికి పట్టీ తీసేసి ఎన్నాళ్లో అయింది.

మా జిల్లా బొంబాయి రాష్ట్రంలో కలిసిన తర్వాత ఇంకొక ఏడు మళ్లీ వానలు వెనకబడ్డాయి. పిల్లకు ఏడేళ్లు. బడిలో మరాఠీ పాఠాలు చదువుతూ ఉంది, పిల్లలు కుంటిదని లంగ్డీ అని పిలిస్తే రాయి తీసుకుని వెంటబడేది. నోరు నాదే వచ్చింది. కప్పతల్లి ఆడుతూ ఆడవాళ్లు మా వీధిలోకి వచ్చారు. పాట వినబడగానే మా అత్త లేచి తలుపు మూసి గడియ పెట్టింది. ఆ రోజు తర్వాత ఎప్పుడూ అంతే చేసేది.

పిల్ల ఊరుకోలేదు. "అందరు పోస్తున్నరు. మనమెందుకు పొయ్యొద్దు?" అని కాలు నేలకేసి కొట్టింది.

"మీ బాపమ్మను అడుగు," అన్నాడు ఆయన గోడకు ఆనుకుని కూర్చుని. తల్లి పేరు ఎత్తడమే అన్నేళ్లలో మొదటిసారి, అదీ అట్లా.

మా అత్త పిల్లను దగ్గరికి తీసుకుని, ఎడమ మోకాలి మీద చెయ్యి వేసింది. "నువ్వు పట్టీల ఉన్నప్పుడు నీ మీద నీళ్లు పోయిచ్చిన బిడ్డా. నేనే. అందుకే నీ కాలు గిట్లైంది."

పిల్ల బాపమ్మ ముఖంలోకి చూస్తున్న తీరు నేను చూశాను. ఆ చూపు నాది. అది నా మీద పడాల్సింది. ఇక నా వల్ల కాలేదు.

"ముందు రోజు నన్ను అడిగింది," అన్నాను. "నేను సరే అన్న. గొడ్ల కాడ లేను. అక్కడ్నే నిలబడి సూసిన."

బయట పాట మా వాకిలి ముందుకు వచ్చి ఆగింది. ఆయన నా వంక చూడలేదు. ఆ వానాకాలం పోయేదాకా చూడలేదు కూడా, అది నాకు రావాల్సిందే. పిల్ల నన్నూ, బాపమ్మనూ మార్చి మార్చి చూసింది.

"మరి వాన పడ్డదా?" అని అడిగింది.

మా అత్త కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పడ్డది బిడ్డా. తెల్లారేసరికే పడ్డది. మస్తు పడ్డది."

పిల్ల తలూపింది. సరే అన్నట్టు.

ఆయన తల్లి వైపు తిరిగాడు. "అవ్వా," అన్నాడు. మళ్లీ ఆగి, "జర నీళ్లియ్యి," అన్నాడు.

ఆమె లేచి కడవలోంచి చెంబు ముంచి తెచ్చి ఇచ్చింది. తొందరలో కొన్ని నీళ్లు నేల మీద ఒలికాయి. ఆయన సగం తాగి చెంబు కింద పెట్టాడు. పిల్ల ఆ చెంబు తీసుకుని, కుంటుకుంటూ తలుపు దగ్గరికి పోయి నిలబడింది. నేను లేచి వెళ్లి గడియ తీశాను.